పుక్కిట నీళ్ళు

విగ్రహం మొహం సరిగ్గా తన ఇస్త్రీ కొట్టు వైపే ఉంటుందని తెలిసినప్పుడే బొగ్గులక్కకి చికాకు మొదలైంది. కూడలి మధ్యలో రాతి దిమ్మె కట్టి, దాని మీద పాటలు కట్టిన పెద్దాయన కంచు విగ్రహాన్ని నిలబెట్టి, గోనెపట్టాలు చుట్టి వెళ్ళారు. ఆవిష్కరణ ఇంకా నాలుగు రోజులుంది. పాడేవాళ్ళు ఆయనకి ఎదురుగా నిలబడి పాడాలట. ఎదురుగా ఉన్నవి కొట్టు మెట్లే కాబట్టి ఇరవై మంది ఆడా మగా పొద్దున్నే వచ్చి ఆ మూడు మెట్ల మీదా వరసలు కట్టారు. బట్టలు తెచ్చినవాళ్ళు వాళ్ళ మోచేతుల కింద నుంచి దూరి రావాల్సి వచ్చింది. కొట్టు ఆమెది, మెట్లు ఆమెవి, అడిగిన పాపాన మాత్రం ఎవరూ పోలేదు.

కోపం వస్తే బొగ్గులాగా చిటపటలాడుతుందని ఆ పేరు పెట్టారు. పెట్టినవాళ్ళ మీదా కోపం వచ్చింది గానీ పేరు ఊడలేదు.

ఆమె తడివేలితో ఇస్త్రీపెట్టె అడుగు తాకి చూసి, చొక్కా కాలరు పరిచింది. లోపల గోడవారగా కుర్చీలో ఎనభై దాటిన అమ్మ జేబురుమాళ్ళు మడతలు పెడుతోంది. ఇప్పుడు ఆవిడ చేతికి వచ్చే పని అదొక్కటే. బయట పాట మొదలైంది. పెద్దాయన పాటల్లో అది తెలియనివాళ్ళు ఊళ్ళో లేరు.

"మబ్బుతల్లీ మబ్బుతల్లీ, మూట విప్పవే..."

అక్కడ అందరూ ఆగిపోయారు. అది పాటలో ఉన్నదే. బృందాన్ని నడిపే మేడమ్ చెయ్యి పైకెత్తి ఉంచింది. మళ్ళీ అందుకోవాల్సిన చోట మాత్రం ఒకళ్ళు ముందు, ముగ్గురు వెనక, మిగతావాళ్ళు పక్కవాళ్ళ నోళ్ళు చూసి, తలో దారీ పట్టారు.

"ఎండిపోయె నేలకింత తడినియ్యవే."

"మూడు లెక్కపెట్టమన్నానా లేదా?" అంది మేడమ్. జడలో గుచ్చిన పెన్సిలు తీసి కాగితం మీద కొట్టింది.

"కిందటేడు సభలో ఐదు లెక్కపెట్టించారండీ," అన్నాడు వెనక వరసలో ఒకాయన.

"పాత రికార్డులో రెండే ఉన్నాయి," అంది ఇంకొకామె.

లోపల అమ్మ కిసుక్కున నవ్వింది. రుమాలు ఒళ్ళో పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది.

"ఎందుకే అంత నవ్వు?" అంది బొగ్గులక్క.

"మూడు, ఐదు అని కొట్టుకుంటున్నారు చూడు. ఏ గుడ్డకి అని ఎవరూ అడగరేం? చొక్కాకైతే మూడు చాలు. దుప్పటికి మూడేం సరిపోతాయి?"

"దుప్పటేంటి?"

"అక్కడ నోట్లో నీళ్ళుంటాయి కదే. గుడ్డ మీద ఊదాలి, పెట్టె ఆనించాలి, సుయ్ మనాలి, అప్పుడు కదా మళ్ళీ పాడేది. నోట్లో నీళ్ళు పెట్టుకుని ఎవరు పాడగలరు?"

బొగ్గులక్క చేతిలో పెట్టె కాలరు మీదే ఆగింది. వాసన వచ్చాక గబుక్కున ఎత్తి ఇటుక మీద పెట్టింది. ఆ పాట తను పుట్టినప్పటి నుంచీ అమ్మ నోట విన్నదే. పెద్దాయన ఇంట్లో పదకొండేళ్ళు బట్టలు ఇస్త్రీ చేసింది కాబట్టి అక్కడ విని నేర్చుకుందనుకుంది. ఊళ్ళో అందరూ అలాగే అనుకుంటారు, అలాగే అనుకోవాలి కూడా. గొప్పవాళ్ళ ఇంటి నుంచి పనివాళ్ళకి పాట వస్తుంది గానీ పనివాళ్ళ నుంచి వాళ్ళకి వెళ్ళడమేంటి?

"అమ్మా. ఆ పాట ముందు నువ్వు పాడావా, ఆయన పాడాడా?"

"నేనే. మరి ఆయన చొక్కాలు ఆయనే ఇస్త్రీ చేసుకున్నాడా?"

అంతే చెప్పి అమ్మ ఇంకో రుమాలు తీసుకుంది. రెండు అంచులూ కలిపి, గోటితో మడత మీద గీత గీసి, పక్కన పెట్టింది.

మధ్యాహ్నం దిమ్మె మీద అక్షరాలు చెక్కే రాళ్ళాయన చొక్కా కోసం వచ్చాడు. జుట్టంతా తెల్లటి రాతి పొడి. చెక్కాల్సిన మాటలున్న కాగితం జేబులోంచి తీసి, "చదువు అక్కా, తప్పులుంటే ఇప్పుడే చెప్పు. రాయి మీద కొట్టేస్తే దిద్దడానికుండదు," అన్నాడు.

కాగితం మీద పెద్దాయన పేరు ఉంది, పుట్టిన ఏడు, పోయిన ఏడు ఉన్నాయి. వాటి కింద ఒక వాక్యం. 'పాట నడుమ ఆయన నిలిపిన మౌనం వేయి స్వరాలకు సాటి.'

"తప్పుంది," అంది బొగ్గులక్క.

"ఏ అక్షరం?"

"అక్షరాలు బాగానే ఉన్నాయి."

రాళ్ళాయనకి అర్థం కాలేదు. ఆమె చెప్పింది. అతను లోపల కూర్చున్న ముసలావిడ వైపు చూశాడు, కాగితం వైపు చూశాడు, బుర్ర గోక్కున్నాడు. "నేను కూలికి చెక్కేవాణ్ణి అక్కా. పుస్తకాలాయన రాసిచ్చాడు. ఆయన్నే అడుగు. రెండు రోజుల్లో ఆ వరస మొదలెడతాను," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే పుస్తకాలాయనవే ఆరు చొక్కాలు ఇస్త్రీ చేసి, చేతుల మీద పరుచుకుని, బొగ్గులక్క విగ్రహ సంఘం గదికి వెళ్ళింది. పెద్దాయన మీద నాలుగు వందల పేజీల పుస్తకం రాసినాయన కాబట్టి ఊరంతా ఆయన్ని పుస్తకాలాయన అనే పిలుస్తుంది. సంఘానికి పెద్ద కూడా ఆయనే. గదిలో బల్ల నిండా ఆహ్వానపత్రాలు. ఆయన వాటికి ఒక్కొక్కటిగా రబ్బరు ముద్ర వేస్తున్నాడు.

"అక్కడ పెట్టమ్మా," అన్నాడు తలెత్తకుండా.

ఆమె చొక్కాలు పెట్టింది గానీ కదల్లేదు. దారిపొడుగునా కూడగట్టుకున్న మాటలు వరసగా చెప్పుకొచ్చింది. అమ్మ ఆ ఇంట్లో పనిచేసిన సంగతి, పక్క గదిలో కిటికీ దగ్గర కూర్చుని ఆయన ఆమె పాట విన్న సంగతి, నీళ్ళ సంగతి. ఆయన ముద్ర వేయడం ఆపి విన్నాడు. నిజానికి మర్యాదగానే విన్నాడు. వినడం అయ్యాక కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"అంటే ఆ మౌనం, నేను ముప్ఫై పేజీల అధ్యాయం రాసిన మౌనం, ఉమ్మి అంటావా?"

"ఉమ్మి కాదండీ. నీళ్ళు."

"రుజువేముందమ్మా?"

"మా అమ్మ ఉంది."

"మనిషి రుజువు కాదు. ఉత్తరమో, కాగితమో, ఆయన చేతిరాతో ఏదైనా ఉందా?"

"నోట్లో నీళ్ళు పెట్టుకుని పాడలేమని రాసిన కాగితం కావాలాండీ మీకు?"

ఆయన నవ్వాడు. ఆ నవ్వులో కోపం లేదు, అందుకే ఆమెకి ఒళ్ళు మండిపోయింది. వెనక్కి తిరిగి అలమరలోంచి తన పుస్తకం తీసి, పేజీ వెతికి, వేలు పెట్టి చదివి వినిపించాడు. "'ఇంట్లో బట్టలు చూసే ఒక పనిమనిషి కూడా ఆయన పాటలు విని కూనిరాగాలు తీసేదట. సామాన్యుల నోటికి సైతం అందిన సంగీతం అది.' చూశావా? మీ అమ్మని నేను వదల్లేదు. రెండు వాక్యాలు రాశాను."

అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని వినడమే గానీ, దానం పుచ్చుకున్నందుకు అత్తనే దండం పెట్టమన్న అల్లుణ్ణి ఇప్పుడే చూసింది. చేతులు చీరకి తుడుచుకుంది. ఆయన అప్పుడే ఇంకేదో గుర్తొచ్చినట్టు అన్నాడు:

"అన్నట్టు, మంచిదైంది, వచ్చావు. ఆవిష్కరణ రోజున నీతో పనుంది. ముసుగు తీశాక ఆ గుడ్డని మడతపెట్టి, పళ్ళెంలో పెట్టి, ముఖ్య అతిథికి జ్ఞాపకంగా ఇస్తాం. అది నలిగిపోయి ఉంటుంది కదా. పాట మూడు చరణాలూ అయ్యేలోపు నువ్వు ఇస్త్రీ చేసివ్వాలి. నీ కొట్టు పక్కనే ఉండటం ఎంత కలిసొచ్చిందో చూడు. ఇంకో మాట, ఇకనించి నా చొక్కాలకి సీసాతో నీళ్ళు కొట్టమ్మా. నోటితో వద్దు."

మెట్లు దిగుతుంటే ఆమెకి వచ్చింది ఏడుపు కాదు, మంట.

కొట్టుకొచ్చి ఆ మంటంతా అమ్మ మీద పోసింది. వేరే ఎవరి మీద పోయడానికి వీలు కాని కోపాలన్నీ చివరికి ఇంట్లోవాళ్ళ మీదికే వస్తాయి.

"ఇన్నేళ్ళూ నోరు మూసుకుని కూర్చున్నావు. ఒక్కరికంటే ఒక్కరికి చెప్పలేదు."

"ఎవరడిగారు?"

"అడిగితేనే చెబుతావా? నీ సొత్తు ఎత్తుకుపోయాడే."

"ఆయన మంచివాడే. ఓసారి కాలరు మాడ్చేస్తే ఒక్క మాట అనలేదు."

"అనడు. పాట పట్టుకుపోయేవాడికి కాలరు ఏపాటి?"

అమ్మ చేతిలో రుమాలు అటు తిప్పి ఇటు తిప్పి, మడత కుదరక విప్పేసింది. బొగ్గులక్క విసనకర్రతో బొగ్గులు విసిరింది. బూడిద లేచి ఇద్దరి మొహాల మీదా పడింది. కాసేపటికి అమ్మ గోడవైపు చూస్తూ మొదలెట్టింది.

"ఒకరోజు గుమ్మం దగ్గరకొచ్చాడు. చేతిలో కాగితం ఉంది. 'అక్కడ ఎందుకు ఆపావు?' అన్నాడు. నా నోట్లో నీళ్ళున్నాయి. ఏం చెప్పను? ఆయన అలాగే నిలబడి నా మొహంలోకి చూశాడు. ఊదాక చెబుదామనుకున్నాను. ఈలోగా ఏదో తట్టినట్టు తలూపి, నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు."

"తర్వాతైనా చెప్పలేకపోయావా?"

"మళ్ళీ అడగలేదుగా."

బొగ్గులక్కకి నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. ఒక గుక్క నీళ్ళు ఊదేంత సేపు ఆగలేకపోయాడు ఆ మహానుభావుడు. ఆగి ఉంటే ఈ విగ్రహం, ఈ దిమ్మె, ఈ ముప్ఫై పేజీలు ఏమయ్యేవో. ఆగకుండా వెళ్ళినవాడు మౌనానికి మునీశ్వరుడయ్యాడు. గుమ్మం లోపల నీళ్ళు మింగలేక నిలబడ్డ మనిషి కూనిరాగాలు తీసే పనిమనిషి అయింది.

మూడో రోజు రాళ్ళాయన ఆ వరస చెక్కుతున్నాడు. ఉలి చప్పుడు టక్ టక్ మని కొట్టు దాకా వినిపిస్తోంది. ఆమె వెళ్ళి దిమ్మె పక్కన నిలబడింది. 'మౌనం' అయిపోయింది. 'వేయి'లో ఉన్నాడు.

"ఆపమని అడగను తమ్ముడూ. నీ పొట్ట కొట్టను," అంది.

అతను ఉలి దించాడు. "నేను చెక్కకపోతే ఇంకోడు చెక్కుతాడక్కా. కానీ చెయ్యి సాగడం లేదు. పొద్దుటి నుంచీ మూడక్షరాలే అయ్యాయి."

ఆమె విగ్రహం వైపు చూసింది. గోనెపట్టా సందులోంచి కంచు చెయ్యి ఒకటి కనిపిస్తోంది. అరచెయ్యి నిలువుగా ఎత్తి, ఆగమన్నట్టుగా చూపిస్తోంది. అప్పుడే ఆమెకి ఆ ఆలోచన వచ్చింది. ఆవిష్కరణ నాడు మైకులు, ఉపన్యాసాలు, చప్పట్లు. ఎవరి గొంతూ ఎవరికీ వినిపించదు. పాటలో ఆ ఆగే చోట మాత్రం ఊరంతా తల వంచి, ఊపిరి బిగబట్టి నిలబడుతుంది. ఎన్నో ఏళ్ళుగా అదో అలవాటు. బళ్ళు కూడా ఆపేస్తారు. ఆ ఒక్క క్షణంలో సూది కింద పడినా వినిపిస్తుంది. మరి మనిషి అరిస్తే?

ఈ పాట మా అమ్మది. నాలుగే మాటలు. ఆ రోజంతా ఇస్త్రీ చేస్తూ వాటినే నెమరు వేసుకుంది. భుజాలు అయ్యాక ఒకసారి, చేతులు అయ్యాక ఒకసారి, గుండీల పట్టీ దగ్గర ఒకసారి. గొంతు వణక్కూడదు, ఏడవకూడదు, తిట్టకూడదు. తిడితే పిచ్చిదనుకుంటారు. మర్నాడు గిరాకీ పోతుందేమో, పోలీసులు లాక్కెళ్తారేమో కూడా అనుకుంది. అనుకుని, పోనీ అనేసుకుంది.

ఆవిష్కరణ పొద్దున కూడలి కిటకిటలాడింది. గోనెపట్టాలు తీసేసి తెల్లటి మందపాటి నూలుగుడ్డ కప్పారు. మెట్ల మీద బృందం, పక్కన మేడమ్. కరెంటు కొట్టులోంచే లాగారు కాబట్టి మైకు కర్ర సరిగ్గా కొట్టు గుమ్మం పక్కన నిలబెట్టారు. ఇస్త్రీ బల్లకి రెండు మూరల దూరం. బొగ్గులక్క ఈసారి చికాకు పడలేదు. నాలుగు మాటలకి అంతకంటే మంచి చోటు దొరకదు.

ముఖ్య అతిథి తాడు లాగాడు. గుడ్డ విగ్రహం వేళ్ళకి తగులుకుని వేలాడింది. రాళ్ళాయన కర్రతో పొడిచి కిందికి దింపాడు. చప్పట్ల మధ్య ఎవరో దాన్ని ఉండ చుట్టి, చేతులు మారుస్తూ తెచ్చి బల్ల మీద పడేశారు. వెనకే పుస్తకాలాయన వచ్చి, "మూడు చరణాల్లో అయిపోవాలి. సీసాతోనమ్మా," అని గుసగుసగా చెప్పి వెళ్ళాడు.

ఆమె గుడ్డ పరిచింది. గుమ్మంలోంచి విగ్రహం ఎదురుగా కనబడుతోంది. మొహం ఎలా ఉందో ఆమె చూడలేదు. చూపు కాలరు మీద పడింది. కంచులో కూడా ఆ కాలరు ముడత లేకుండా, అంచు పదునుగా నిలబడి ఉంది. అమ్మ చేసిన పనిని ఆయన అక్కడా వదల్లేదు.

పాట మొదలైంది. సీసాతో నీళ్ళు కొడితే పెద్ద పెద్ద చుక్కలు పడి గుడ్డ మీద మచ్చలుగా నిలిచాయి. ముడతలు కదల్లేదు. ఆమె సీసా పక్కన పెట్టి, పెట్టెని గట్టిగా నొక్కి తోసింది. మొదటి చరణం అయిపోవస్తోంది. ఈ పాట మా అమ్మది, ఈ పాట మా అమ్మది. "మబ్బుతల్లీ మబ్బుతల్లీ, మూట విప్పవే..."

అందరూ ఆగారు. వందల తలలు వంగాయి. కూడలి అవతల బండి ఒకటి ఇంజను ఆపేసింది. బొగ్గులక్క నోరు తెరవబోయింది, తెరవలేకపోయింది. బుగ్గలు రెండూ నిండి ఉన్నాయి.

'మూట విప్పవే' అని చెవిన పడగానే చెయ్యి తనంతట తనే చెంబు అందుకుంది. నడక రాకముందు నుంచీ ఆ పాట విని, ఆ పాట మీదే పని నేర్చుకున్న ఒళ్ళు. ఆ మాట వినగానే నీళ్ళు పుక్కిట పట్టడం దానికి ఆకలంత అలవాటు. మింగబోతే గొంతుకి అడ్డం పడింది. నాలుగు రోజుల కోపం, నాలుగు మాటలు, అన్నీ ఆ నీళ్ళ వెనక ఇరుక్కుపోయాయి. తన మీద తనకే పట్టరాని కోపం వచ్చింది. ఆ కోపంతోనే ఊదింది.

ఫూ మన్న చప్పుడు మైకులో పడి కూడలంతా పరుచుకుంది. వెంటనే పెట్టె ఆనించింది. సుయ్ మంది. ఆ చప్పుడు ఆగీ ఆగగానే ఇరవై గొంతులూ ఒక్కసారిగా అందుకున్నాయి. ఒక్కళ్ళు ముందు లేరు, ఒక్కళ్ళు వెనక లేరు. నాలుగు రోజులుగా కుదరనిది కుదిరింది.

మేడమ్ తల గిరుక్కున తిప్పి కొట్టులోకి చూసింది. బల్ల, పెట్టె, చెంబు, ఆమె గడ్డం మీద కారుతున్న నీళ్ళు, అన్నీ చూసింది. జడలోని పెన్సిలు మీద చెయ్యి వేసింది గానీ తియ్యలేదు.

రెండో చరణం చివర మేడమ్ చెయ్యి ఎత్తి, బృందం వైపు కాకుండా కొట్టు వైపు తిరిగి నిలబడింది. ఈసారి బొగ్గులక్క నీళ్ళు తెలిసే పుక్కిట పట్టింది. గుడ్డ మందం చూసుకుని, నాలుగు మూలలా ఊదింది. పెట్టె ఆనించింది. బృందం కోసం మేడమ్ చెయ్యి ఇంకా దించలేదు. లోపల కుర్చీలోంచి, ఊదినపుడల్లా అందుకునే అలవాటున్న గొంతు ఒకటి, పగిలిపోయి, సన్నగా, ముందు అందుకుంది.

"ఎండిపోయె గుడ్డకింత తడినియ్యవే."

నేల కాదు, గుడ్డ. ఆ మాట స్తంభాలకి కట్టిన లౌడ్‌స్పీకర్లన్నిట్లోంచీ వచ్చింది. వంచిన తలలు లేచాయి. అమ్మ తన గొంతు బయట నుంచి వినిపించేసరికి ఉలిక్కిపడి, రుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు మేడమ్ చెయ్యి దించింది. బృందం ఆవిడ వెనక పాడింది. వాళ్ళలో సగం మంది గుడ్డ అన్నారు.

మూడో చరణంలో పుస్తకాలాయన వెండి పళ్ళెం పట్టుకుని జనంలోంచి తోసుకుంటూ వచ్చాడు. మొహం ఎర్రగా ఉంది. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి పాట ఆగే చోటుకి వచ్చి ఆగింది.

"ఏంటిది? గుడ్డ ఇవ్వకుండా ఎందుకు ఆపావు?" అన్నాడు పళ్ళు కొరుకుతూ.

ఆమె నోటి నిండా నీళ్ళున్నాయి. ఆయన మొహంలోకి చూస్తూ నిలబడింది. ఆయన అటు వేదిక వైపు చూశాడు, ఇటు బల్ల వైపు చూశాడు, ఖాళీ పళ్ళెం చేతులు మార్చుకున్నాడు. ఈయనకి వెళ్ళిపోవడానికి లేదు. గుడ్డ లేకుండా పళ్ళెం తీసుకెళ్ళలేడు. మేడమ్ చెయ్యి పైకెత్తే ఉంచింది. జనం ఊపిరి బిగబట్టే ఉన్నారు. దిమ్మె పక్కన రాళ్ళాయన ఒక్కడే తల పూర్తిగా ఎత్తి ఇటే చూస్తున్నాడు.

వెనక అమ్మ కుర్చీ చేతిమీద వేలితో తట్టింది, చిన్నప్పుడు పని నేర్పేటప్పుడు తట్టినట్టు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. మందపాటి గుడ్డ.

"ఊ," అంది అమ్మ.

బొగ్గులక్క ఊదింది. పెట్టె ఆనించి, సుయ్ మనేదాకా ఉంచి, ఎత్తి ఇటుక మీద పెట్టింది. మూతి తుడుచుకుంది. పుస్తకాలాయన ఇంకా అక్కడే ఉన్నాడు. అప్పుడు ఆ నాలుగు మాటలూ చెప్పింది. అరవాల్సిన పని లేకపోయింది, మైకు పక్కనే ఉంది.